మూడో గది గోడ మీద ఆకుపచ్చ పడవ

ఆనందకుమారి ‘కుంచె’ హోటల్ మెట్లెక్కేసరికి పదకొండూ నలభై అయింది. మూడో గది తలుపు లోపల గడియ పడి అప్పటికి రెండున్నర గంటలు.

నెల్లూరులో పాత బియ్యం మిల్లును బాగుచేసి కట్టిన హోటల్ అది. ఆరే గదులు. ఒక్కో గది గోడలన్నిటి మీదా ఒక్కో చిత్రకారుడి చేత బొమ్మలు వేయించింది యజమాని వినీల. ముప్ఫై రెండేళ్ళ పిల్ల, బొమ్మలు గీయడమే చదువుకుంది. ఆమె మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది.

“అక్కా, పోలీసులు వద్దనే మిమ్మల్ని పిలిచినా. లోపలున్నామె నా అతిథి. తలుపు పగలగొట్టి బయటికి లాగడం నాకిష్టం లేదు.”

“ఎవరామె?”

“లిల్లీ అని, మైపాడు. చేపలమ్ముకుంటది. మూడో గది గోడంతా మైపాడు తీరమేగా. నిరుడు బొమ్మేసేటప్పుడు అక్కడి మనుషుల్ని చూసే గీసినాడు ఆర్టిస్టు. హోటల్‌కి ఏడాది నిండిందని, బొమ్మలో ఉన్నోళ్ళందరినీ వారానికొకర్ని పిలిచి ఒక రోజు ఉంచుతా ఉండా. వాళ్ళ వల్లేగా ఆ గదికంత పేరు. ఈ వారం లిల్లీ.”

ఆనందకుమారి ఇరవై ఆరేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా బయటికొచ్చిన మనిషి. ఇప్పుడు ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని, తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెడుతోంది. ఎదుటివాళ్ళు ఏడుస్తున్నప్పుడు ఏం జరిగిందని అడగదు. ఎన్నింటికి జరిగిందని అడుగుతుంది. టైములు చెప్పేసరికి ఎవరికైనా గొంతు కుదుటపడుతుంది.

“నిన్న ఎన్నింటికి వచ్చింది?”

“సాయంత్రం అయిదింటికి. పొద్దున ఎనిమిదీ పదికి టిఫినుకు మేడ మీదికి పోయింది. తొమ్మిదింటికి గదికి తిరిగొచ్చింది. రెండు నిమిషాలకు వరండాలోకి పరిగెత్తుకొచ్చి ‘ఎవరేసినారు, ఎవరేసినారు’ అని అరిచింది. నేను పోయి చూస్తే, గోడ మీద సముద్రంలో ఒక కొత్త పడవ. నిన్నటిదాకా అక్కడ వట్టి నీళ్ళే. ఫోటో తీసుకున్నా. ఇంతలో ఆమె లోపలికి పోయి గడియేసుకుంది. తొమ్మిదీ పది. ‘ఆ బోటేసినోళ్ళు వచ్చిందాకా నేను రాను’ అంటది.”

వరండా చివర కుర్చీలోంచి ఒక మనిషి లేచాడు. చేతిలో ల్యాప్‌టాప్, చెవిలో ఇయర్‌ఫోన్. సుకుమార్. ఒకప్పుడు ఆనందకుమారి కింద ఆరేళ్ళు పనిచేసిన కానిస్టేబుల్. ఉద్యోగం వదిలేసి సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. ఆమె చేతిలోని కేసులు రెండు మూడు లాక్కున్నాడు కూడా.

“రా అక్కా. నువ్వొచ్చేలోపు పనైపోయింది. వరండా కెమెరా చూసినా. ఎనిమిదీ పది నుంచి తొమ్మిది దాకా మూడో గది తలుపు ఎవరూ తీయలేదు. అంటే వేసింది ఆమే. అతిథి మర్యాదలు ఎక్కువై గోడ పాడుచేసింది. తలుపు తీయడానికి వడ్రంగిని పిలిపించినా.”

అతని కాళ్ళ దగ్గర తెల్లరంగు డబ్బా, రోలర్ ఉన్నాయి. ఆనందకుమారి చూపు అక్కడే ఆగింది.

“ఇదెందుకబ్బయా?”

“ఒంటిగంట లోపల గోడకు తెల్లరంగు కొట్టెయ్యాలని చెప్పినారు.”

“గోడ పాడుచేసిందెవరో కనుక్కోమన్నారా, గోడ కనపడకుండా చెయ్యమన్నారా?”

సుకుమార్ నవ్వాడు. “నీకెప్పుడూ మాటలే అక్కా. కాలం మారింది. ఇప్పుడు కెమెరా చెప్తే అయిపోయినట్టే.”

“నిన్నెవరు పిలిచినారు?”

అతను డబ్బాను కాలితో పక్కకు జరిపాడు. వినీలే అంది: “మా మామయ్య పంపించినాడు. ఫోటో ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టినా. అయిదు నిమిషాల్లో ఫోన్ చేసినాడు. ఎప్పుడూ నా హోటల్ మొహం చూడని మనిషి, మనిషిని పంపిస్తా అన్నాడు.”

“ఏం చేస్తాడు మీ మామయ్య?”

“పెంచలకృష్ణ అని. బోట్లున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది.”

ఆనందకుమారి ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకుంది. వడ్రంగిని కిందికి పంపించేసి మూడో గది దగ్గరికి నడిచింది. తలుపు తట్టలేదు. చెప్పులు విడిచి, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. మోకాళ్ళు టక్కుమన్నాయి.

“లిల్లీ, నా పేరు ఆనందకుమారి. నేను ఇక్కడే కూర్చోనుండా. నువ్వు తలుపు తియ్యాల్సిన పన్లేదు. నీ బొమ్మ బాగుందా గోడ మీద?”

తర్వాత తలుపు అవతల, సరిగ్గా ఆమె వీపు దగ్గర, బట్టల అలికిడి. ఆ మనిషి కూడా తలుపుకు ఆనుకునే కూర్చుని ఉంది.

“ముక్కు పెద్దదిగా గీసినాడు,” అంది లోపలి గొంతు.

“నిజంగా పెద్దదేనా?”

“కొంచెం పెద్దదే.”

ఆనందకుమారి నవ్వింది. లోపల కూడా చిన్నగా, ఏడుపు కలిసిన నవ్వు వినిపించింది.

“రాత్రి నిద్ర పట్టిందా? పరుపు మెత్తగా ఉండుంటది.”

“పరుపు మీద పండుకోలేదక్కా. గోడ పక్కన కిందనే పండుకున్నా. నా బొమ్మ సముద్రం వైపే చూస్తా నిలబడుంది. ఎదురుగా ఏం లేదు, వట్టి నీళ్ళు. దానికి తోడుగా ఉందామని.”

“ఆ పడవ ఎవరు వేసినారో నేను కనుక్కుంటా. అది తెలిసిందాకా గోడ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనీను. కానీ గోడ చూడకుండా ఎట్ట కనుక్కునేది చెప్పు?”

గడియ తీసిన చప్పుడైంది.

లిల్లీకి ముప్ఫై అయిదుంటాయి. మంచి చీర కట్టుకుని వచ్చింది, అతిథిగా పిలిచారు కదా అని. కళ్ళు వాచిపోయున్నాయి. ఆనందకుమారి మొదట ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఉప్పుకు, ఐసుకు పగిలిన వేళ్ళు. గోళ్ళ సందుల్లో కూడా రంగు మరక లేదు. ఆ చేతుల్ని వెంటనే వదలలేదు ఆమె. సాక్ష్యం కోసం పట్టుకున్న చేతులే అయినా.

తర్వాత గోడ చూసింది. తీరం, వలలు, చేపల బుట్టల చుట్టూ ఆడవాళ్ళు. వాళ్ళకు కాస్త దూరంగా లిల్లీ బొమ్మ, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని. ఆమె చూపు పోయే చోట, మూరెడు పొడవున, ఆకుపచ్చ పడవ. పడవ కింది గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఊపులో లాగి ఉంది. ఎక్కడా ఆగలేదు, వణకలేదు. బోర్డులు రాసీ రాసీ అలవాటైన చెయ్యి అది. పడవ ఉన్న ఎత్తు లిల్లీ చెయ్యి చాచినా అందదు. గదిలో స్టూలు లేదు, కుర్చీ మీద దుమ్ము కదల్లేదు.

“పడవ ముక్కు పక్కన చూడక్కా,” అంది లిల్లీ. “తాడు కట్టే కొక్కెం కింద.”

ఆనందకుమారి కళ్ళజోడు తగిలించుకుంది. ఆకుపచ్చ మీద కొంచెం ముదురు ఆకుపచ్చతో, రంగు కింద నుంచి ఉబికినట్టు, మూడు మసక అక్షరాల్లో ఏదో ఉంది. కష్టం మీద చదివింది. ‘మా లిల్లీ’.

“అది మా ఆయన బోటు. బోటు ఓనరుది, నడిపేది మా ఆయన. దావీదు. ఓనరుకు తెలీకుండా నా పేరు రాయించినాడు, అరచెయ్యంత. అది ఇంకే బోటు మీదా లేదు. కానీ మా బోటు నీలం అక్కా. ఇదెందుకు ఆకుపచ్చగా ఉందో నాకు తెలవట్లా.”

“దావీదు ఇప్పుడెక్కడున్నాడు?”

“సముద్రంలో ఉండాడు.”

మామూలుగానే అంది. ఆనందకుమారి కళ్ళజోడు తీసింది.

“రెండేళ్ళాయ. డిసెంబరు తుఫాను ముందర. గట్టున ఉంటే బోటు పగిలిపోద్ది, ఏట్లో కట్టేసి రమ్మన్నాడు ఓనరు. ఒక్కడే పోయినాడు. మళ్ళీ రాలా. బోటు మునిగిపోయిందని రాసేసినారు. చర్చిలో ప్రార్థన కూడా పెట్టబోయినారు. నేనొద్దన్నా. ఎవరన్నా అడిగితే సముద్రంలో ఉండాడనే చెప్తా.”

“ఓనరు పేరేంది లిల్లీ?”

“పెంచలకృష్ణ గారు.”

గుమ్మంలో నిలబడ్డ వినీల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆనందకుమారి ఆమె వైపు చూడలేదు. అప్పటికి తేలాల్సింది వేరే ఉంది. బాల్కనీ తలుపు దగ్గరికి పోయింది. గడియ తీసే ఉంది, రాత్రి గాలికి తీసినానంది లిల్లీ. గడియ మీద బొటనవేలి గుర్తు, ఆకుపచ్చ రంగులో. బాల్కనీ పక్క గదితో కలిసి ఉంది. మధ్యలో నడుమెత్తు పిట్టగోడ.

“సుకుమార్, మూడో గది తలుపు చూసినావు. నాలుగో గది తలుపు చూసినావా?”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“కెమెరా తలుపు ముందు ఉంది. మనిషి బాల్కనీలోంచి వచ్చినాడు. చూపించు.”

సుకుమార్ విసుగ్గా ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏడూ యాభైకి నాలుగో గదిలోకి ఒక మనిషి వెళ్ళాడు. చంకన రంగుల పెట్టె, చేతిలో చిన్న నిచ్చెన. ఎనిమిదీ యాభై రెండుకు బయటికొచ్చాడు, తల వంచుకుని, గబగబా.

“వెంకటేష్!” అంది వినీల. “ఈ గోడ వేసిందే అతను. నాలుగో గదిలో చెమ్మ తగిలిందని సరిచెయ్యమన్నా. కానీ ఒకసారి పూర్తయిన గోడను నాకు చెప్పకుండా ముట్టుకోకూడదని అందరికీ గట్టిగా చెప్పినాను. పోయిన నెల అతన్నే తిట్టినా.”

“అందుకే దాక్కున్నాడు. ఫోన్ చెయ్యి. తిట్టనని చెప్పు.”

సుకుమార్ ల్యాప్‌టాప్ మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “సరే అక్కా, నువ్వే గెలిచినావు. ఎవరేసింది తెలిసిపోయింది. ఇంక గోడకు రంగు కొట్టనీ. నాకు ఒంటిగంట గడువు.”

“ఆమెకు మాటిచ్చినా.”

“ఇది నీ ఇల్లు కాదు!”

“నాది,” అంది వినీల. ఇద్దరూ తిరిగి చూశారు. “ఈ గోడ నాది సుకుమార్ గారూ. డబ్బా కిందికి తీసుకుపోండి.”

వెంకటేష్ ఎంతో దూరం పోలేదు. ఎదురుగా టీకొట్టు దగ్గరే పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడట. అయిదు నిమిషాల్లో వచ్చాడు. నలభై ఏళ్ళ బక్క మనిషి, చిట్టమూరు దగ్గర పల్లె. బోట్ల మీద పేర్లు, నంబర్లు రాసుకుంటూ బొమ్మలు నేర్చుకున్నవాడు. గదిలోకి రాగానే లిల్లీకి చేతులు జోడించాడు.

“తప్పైపోయిందమ్మా. నిన్న సాయంత్రం నువ్వు మేడ మీద నాతో అన్నావే, నా బొమ్మ ముందర అంతా వట్టి నీళ్ళే అని. మా ఆయన సముద్రంలో ఉండాడు, ఆయన బోటు మీద నా పేరు రాయించినాడని. ఆ పేరు రాసింది నేనే, నీకు చెప్పలా. రాత్రంతా అదే మనసులో మెదిలింది. సముద్రంలోకి పోయిన మనిషి ఇంటికొస్తా ఉన్నట్టు ఒక చిన్న బోటు వేసిపెడదామనుకున్నా. నువ్వు చూసి సంతోషపడతావని. ఇంత అవుద్దని తెలీదు.”

లిల్లీ గోడ మీది పడవ వైపు చూసింది. మూడు గంటలుగా ఆమె పట్టుకుని వేలాడిన ఆశ ఏదో సన్నగా తెగిపోవడం ఆనందకుమారికి కనిపించింది. తన భర్తే వచ్చి వేసి పోయాడని నమ్మిందో ఏమో. కానీ ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెంకటేష్‌తో మెల్లగా అంది: “మంచి పనే చేసినావన్నా. తప్పేం లేదు. కాకపోతే మాది నీలం బోటు. నీకు గుర్తున్నట్టు లేదు.”

“నేను పేరు రాసినప్పుడు నీలమేనమ్మా. తర్వాత రంగు మార్చినారుగా.”

లిల్లీ చటుక్కున అతని వైపు తిరిగింది.

ఆనందకుమారి గొంతు పెంచలేదు. “ఎప్పుడు చూసినావు వెంకటేష్, రంగు మారినాక?”

“మొన్న ఎండాకాలం. మే నెల. కృష్ణపట్నం అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఉప్పునీళ్ళ మడచెట్ల లోపలికి కట్టేసి ఉంటే, కొత్త నంబరు రాయాలని పిలిచినారు. రంగు కింద నా అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలినాయి. నా చేతిరాత నాకు తెలీదా? ఇందుకే గోడ మీద కూడా అట్టనే వేసినా.”

“నీకు ఆ బోటు మునిగిపోయిందని తెలీదా?”

“మునిగిపోవడమేంటి?” వెంకటేష్ అందరి మొహాలూ చూశాడు. “ఆమె సముద్రంలో ఉండాడంటే వేటకు పోయినాడనుకున్నా. మే నెలలో నా చేత్తో పట్టుకున్న బోటు!”

లిల్లీ గోడను పట్టుకుంది. ఆనందకుమారి ఒక్క అడుగులో పక్కకు చేరి ఆమెను మంచం మీద కూర్చోబెట్టింది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పడవ దొరికితే మనిషి దొరికినట్టు కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చూసిన వాటన్నిటికంటే పెద్ద దెబ్బ, ఆశ చూపి లాక్కోవడం.

“లిల్లీ, బోటు ఒక్కటే తేలింది. అంతకు మించి ఇంకా ఏమీ తేలలేదు. విన్నావా?” అని, వెంకటేష్ వైపు తిరిగింది. “బోటులో ఎవరున్నారు?”

“పిలిచిన మనిషి ఒకడు, గణేష్ అని. ఇంకొకాయన ముక్కు దగ్గర కూర్చుని వల బాగుచేసుకుంటా ఉన్నాడు. తలకు తువ్వాలు. కుడికాలు చీలమండ దగ్గర వంకరగా అతుక్కుంది, లేవలేదు. అక్షరాలు గరుగ్గా ఉన్నాయని గీకబోయినా. నా మణికట్టు పట్టుకున్నాడు. ‘ఆ పేరు ఉండనియ్ అన్నా’ అన్నాడు. అంతే. గణేష్ గదమాయిస్తే మళ్ళీ నోరు తెరవలా.”

“మొహం?”

“పక్కనుంచే కనపడింది. ఆగండి, గీసుకున్నానేమో. కనిపించిన మనిషినల్లా గీస్తా నేను.”

రంగుల పెట్టె అడుగు నుంచి అట్ట ఊడిన నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. చేపలు, పడవ ముక్కులు, టీకొట్టు మనుషులు. ఒక పేజీ దగ్గర ఆగాడు. పెన్సిలు బొమ్మ. తల వంచుకుని వల కుడుతున్న మనిషి. తువ్వాలు కింద నుంచి ఎడమ చెవి కనిపిస్తోంది. చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

లిల్లీ పుస్తకం అందుకోలేదు. వేలితో ఆ చెవిని మాత్రం ముట్టుకుంది, పెన్సిలు చెరిగిపోతుందేమో అన్నంత మెత్తగా.

“గేలం తగిలింది,” అంది. “మా పెళ్ళైన ఏడు. నేనే పసుపు పెట్టి కట్టినా.”

అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డ సుకుమార్ లోపలికొచ్చాడు. మొహంలో రంగు లేదు.

“అక్కా, నాకు ఇదేం తెలీదు. ఒట్టు. గోడ పాడైంది, ఒక మనిషి మారాం చేస్తా ఉందన్నాడంతే.”

“తెలిసిన తర్వాత ఏం చేస్తావో అదే ముఖ్యమబ్బయా. నువ్వు నా దగ్గరున్నప్పుడు కూడా ఇదే చెప్పినా. మునిగిపోయిందని రాసిన బోటు యాడికి పోయినా, ఏ దొంగసరుకు మోసినా అడిగేవాళ్ళుండరు. దాన్ని నడిపేవాడు చచ్చిపోయినాడని రాస్తే, వాడిని అడిగేవాళ్ళూ ఉండరు. పొద్దున ఆ ఫోటోలో తను దాచిన బోటు చూసి పెంచలకృష్ణకు గుండె జారింది అందుకే.”

ఆమె అప్పటికే ఫోను తీసింది. తీరప్రాంత పోలీసుల్లో తనకు తెలిసిన ఎస్సైకి మూడు ముక్కల్లో చెప్పింది: ఏటి మొగ, ఆకుపచ్చ బోటు, కుంటి కాలు మనిషి. వాళ్ళు పడవ దించి బయల్దేరడానికే గంట పడుతుందన్నాడాయన. టైము ఒంటిగంట పది.

సరిగ్గా అప్పుడు సుకుమార్ ఫోను మోగింది. తెర మీద పేరు అందరికీ కనిపించింది. సుకుమార్ ఆనందకుమారి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను స్పీకరు నొక్కాడు.

“చెప్పండి సార్.”

“గోడ సంగతేమైంది?” నిదానమైన పెద్దమనిషి గొంతు.

సుకుమార్ ఒకసారి గోడ వైపు చూశాడు. తర్వాత అతని గొంతులో వణుకేమీ లేదు. “రంగు కొట్టేసినాం సార్. ఏమీ కనపడట్లా. ఆమెను ఆటో ఎక్కించి పంపించేసినా.”

“ఏమన్నా అడిగిందా?”

“ఏడ్చింది సార్. ఇంకేం లేదు.”

“మంచిది.” అంతటితో మాట ఆగింది గానీ ఫోను ఆగలేదు. అవతల బల్ల మీద పెట్టేసినట్టున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత అదే గొంతు కొంచెం దూరంగా, వేరే ఫోనులో: “ఒరే గణేషూ, ఇంక ఆ బోటు మనకొద్దు. పోటు రాంగానే మొగ దాటిచ్చి లోతులోకి తీసుకుపోండి. వాణ్ణి కూడా అందులోనే ఉంచండి. ఈసారి ఏదీ తేలగూడదు.”

ఫోను కట్టయింది.

వినీల గోడ మీది ఆకుపచ్చ పడవ వైపు తిరిగింది. ఆ గొంతు చిన్నప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషిది. సుకుమార్ కారు తాళాలు తీశాడు. ఆనందకుమారి లిల్లీ వైపు తిరగడానికి భయపడింది. ఏ మాట చెప్పి ఆమెను పట్టుకోవాలో వెతుక్కుంటూ తిరిగింది.

లిల్లీ ఏడవడం లేదు. అప్పటికే లేచి నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించుకుంది.

“ఈ రోజు దశమి. పోటు నాలుగున్నరకి గానీ రాదు. ఏరు నిండందే మొగలో బోటు కదలదక్కా, అక్కడంతా ఇసకమేట. మనకు టైముంది.” గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది:

“‘వాణ్ణి’ అన్నాడు కదా. బతికున్నోణ్ణే కదక్కా అట్ట అంటారు?”